వాతావరణ మార్పు గుబులు పట్టుకుంటే ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

వానాకాలం దగ్గర పడేకొద్దీ పాఠకులు అడిగే ప్రశ్నల్లో ఒకటి మళ్లీ మళ్లీ వస్తోంది. హనుమకొండలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతి, నర్సంపేట వైపు మిరప వేసే రైతు, గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడి కొడుకు, నాలా పక్క కాలనీలో చిన్నపిల్లలతో ఉంటున్న తల్లి వేర్వేరు మాటల్లో అడిగేది ఒక్కటే. భూమి వేడెక్కుతోందని, ఎండలూ వరదలూ ఇంకా ముదురుతాయని తెలిసిన దగ్గర్నుంచి మనసు ఏ పని మీదా నిలవడం లేదు, నేనొక్కరినే ఏం చేసినా ఏమీ మారదనిపిస్తోంది, దీని నుంచి తేరుకునేదెలా అని. అందరికీ విడివిడిగా రాసిన జవాబులను ఒక వరుసలో పెట్టి ఇక్కడ ఇస్తున్నాను.

ఈ భయం మీ బలహీనత కాదు, వట్టి ఊహ అంతకన్నా కాదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలకే మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి సాయం కోసం ఎదురుచూశారు. 2024 ఆగస్టు 31న వీచిన గాలులకు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఆ మర్నాడే కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి మళ్లీ నీళ్లు వచ్చాయి. వీటన్నిటికీ వాతావరణ మార్పు ఒక్కటే కారణమని చెప్పలేం. నాలాల ఆక్రమణ, చెరువు నీళ్లు నిలవాల్సిన శిఖం భూముల్లో లేచిన ఇళ్లు కూడా కారణాలే. అయితే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కాబట్టి కుండపోత వానలకు అవకాశం పెరుగుతుందన్నది స్థిరపడిన విషయం. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో మన దేశంతో సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న పదివేల మందిని అడిగితే, 59 శాతం మంది తాము చాలా లేదా తీవ్రంగా ఆందోళన పడుతున్నామన్నారు. కాబట్టి మీరు ఒంటరి కాదు.

ఈ గుబులు ఇంతగా ఎందుకు కుంగదీస్తుందంటే, వినే వార్త భూగోళమంత ఉంటుంది, మన చెయ్యి మాత్రం మన వాడ దాకే చేరుతుంది. ఈ రెండింటి మధ్య దూరం తగ్గించడమే కింది మెట్లన్నిటి ఉద్దేశం.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, రోజుకు అరగంట చొప్పున ఆరు వారాల సమయం, మీ మాట కొట్టిపారేయకుండా వినే ఒక మనిషి, ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక చెరువో, వాగో, నాలానో, చేనో. ఇవి చాలు. పర్యావరణ హితం అని రాసి అమ్మే సీసాలు, సంచులు, బ్రష్షులు కొనడంతో మొదలుపెట్టకండి. కొన్న రోజు మనసు తేలికపడుతుంది, వారం తిరగకుండానే పాత గుబులు తిరిగి వస్తుంది.

1. ముందు మీ పరిస్థితి అత్యవసరమా కాదా చూసుకోండి

వరుసగా రెండు వారాలుగా సరిగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చదువు లేదా పని పూర్తిగా ఆగిపోయినా, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చినా కింది మెట్ల జోలికి వెళ్లవద్దు. ముందు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా డాక్టరును కలవాలనుకుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

రైతు కుటుంబాలకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. వాన తప్పి, అప్పు మీద పడి కుంగిపోయిన మనిషి ఇంట్లో ఉంటే పురుగుమందు డబ్బాలను ఈ రోజే తాళం వేసి పెట్టి, తాళంచెవి వేరే ఇంట్లో ఉంచండి. ఆ మనిషి మీద అనుమానంతో చేసే పని కాదిది. ఆపదలో ఉన్న మనసుకు కొన్ని గంటల గడువు దొరికితే చాలాసార్లు ప్రాణం నిలుస్తుంది.

2. గుబులు దేని గురించో విడదీసి రాయండి

నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని, మనసులో తిరిగే మాటలను వచ్చినవి వచ్చినట్టే రాయండి. రాసిన తర్వాత ఒక్కో మాట పక్కన అది ఏ రకమో గుర్తు పెట్టండి. సాధారణంగా అవి నాలుగు రకాలుగా ఉంటాయి: స్వయంగా చూసిన నష్టం వల్ల కలిగిన భయం, వార్తల ద్వారా వచ్చిన భయం, నా వల్లే అన్న తప్పు భావన, ఎవరూ పట్టించుకోవడం లేదన్న కోపం.

ఇలా విడదీయడం ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు. ఇల్లు మునిగిన మనిషికి వార్తలు చూడకు అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు, వారికి 4వ మెట్టు ముందు కావాలి. వార్తల భయమే ఎక్కువ ఉన్నవారికి 3వది, తప్పు భావనకు 5వది, కోపానికి 6వది పనిచేస్తాయి. మీ పేజీలో ఏ గుర్తు ఎక్కువ ఉందో ఆ మెట్టును ముందుకు తెచ్చుకోండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, ఇతర కష్టాలన్నిటినీ ఈ పేరుతోనే పిలవడం. కోతకొచ్చిన పంట వడగళ్లకు రాలిపోయి కిస్తీ ఎలా కట్టాలా అని నిద్రపట్టని రైతుకు ముందు కావలసింది నష్టపరిహారం. పాడైన పంటను తేదీ కనిపించేలా ఫోటో తీసి, ఆలస్యం చేయకుండా వ్యవసాయ విస్తరణ అధికారికి చెప్పి నష్టం జాబితాలో పేరు రాయించుకోవాలి. 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్న పంటనే సాయానికి లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి సర్వే రోజున చేను దగ్గర మీరు ఉండటం ముఖ్యం.

3. వార్తలకు వేళ పెట్టండి, ఆందోళనకూ వేళ పెట్టండి

వార్తలను పూర్తిగా మానేయమని నేను చెప్పను. అలా మానేసినవారు పది రోజుల్లో ఇంకా ఎక్కువ ఆత్రంతో తిరిగి అక్కడికే వెళతారు, పైగా నిజంగా అవసరమైన హెచ్చరిక తప్పిపోతుంది. రోజుకు ఇరవై నిమిషాలు, అదీ పగటిపూట మాత్రమే చూడండి. పడుకునే ముందు గంటసేపు ఫోను పక్క గదిలో ఉంచండి. అలారం కోసం అన్న సాకు ఉంటే మామూలు గడియారం కొనుక్కోండి.

వాట్సాప్‌లో వచ్చే వరద వీడియోల్లో పాతవి, వేరే రాష్ట్రానివి చాలా ఉంటాయి. ఊరి పేరు, తేదీ, పంపిన మనిషి స్వయంగా చూశాడా అన్న మూడు సంగతులు తేలకపోతే ముందుకు పంపకండి. నిజమైన హెచ్చరిక కోసం హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా ఇచ్చే రంగులు చూడండి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. పసుపు రంగు చూసి రాత్రంతా మేల్కొనడం, ఎరుపు వచ్చినా ఏమవుతుందిలే అనుకోవడం రెండూ తప్పే.

ఆందోళనకు వేళ పెట్టడం వింతగా అనిపించినా చాలామందికి ఉపయోగపడే పద్ధతి. సాయంత్రం ఒక పావుగంట కేటాయించుకుని, పగలంతా వచ్చిన దిగులు ఆలోచనలను ఒక్క మాటలో రాసి "సాయంత్రం చూద్దాం" అని పక్కన పెట్టండి. ఆ పావుగంటలో కూర్చుని వాటిని చదవండి, చేయగలిగినది ఏదైనా ఉంటే కిందే రాయండి, సమయం అయిపోగానే లేవండి. మొదటి వారం కుదరదు, మానవద్దు. గుండె దడగా ఉంటే నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలడం ఐదు నిమిషాలు చేయండి.

4. మీ ఇంటిని సిద్ధం చేయండి

భయం తగ్గడానికి అన్నిటికన్నా త్వరగా పనిచేసేది ఇదే అని నా నమ్మకం. సన్నద్ధత ప్రాణాలు కాపాడుతుందనడానికి మన దేశ తూర్పు తీరమే సాక్ష్యం. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 1999లో ఒడిశా తుపానులోనూ దాదాపు అంతే ప్రాణనష్టం జరిగింది. 2013లో అదే ఒడిశా తీరాన్ని తాకిన ఫైలిన్ తుపానులో మరణాలు యాభై లోపే ఆగాయి. తుపాను బలహీనమైనది కాదు, ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. మన చేతుల్లో ఏమీ లేదు అని మనసు చెప్పినప్పుడల్లా ఈ మూడు సంవత్సరాలూ తలచుకోండి.

వరద గురించి: వానలు పడకముందే ఒక ఆదివారం మీ వీధి వాలు ఎటు ఉందో నడిచి చూడండి. ఎగువన ఏ చెరువు ఉంది, దాని మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు) దుంకితే నీళ్లు ఏ నాలాలోకి వస్తాయి, ఆ నాలా మీ ఇంటికి ఎంత దూరం అన్నది కాగితం మీద గీయండి. వడ్డేపల్లి చెరువు కింద ఉన్నవారికీ, భద్రకాళి చెరువు పక్కన ఉన్నవారికీ ఈ గీత వేరుగా ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎత్తైన చోట ఉంచండి, ఫోటోలు తీసి బంధువులకు పంపండి. రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, టార్చిలైటు, ఛార్జింగ్ నిండిన పవర్ బ్యాంకు ఒక సంచిలో ఉంచండి. నీళ్లు గడప తాకకముందే మెయిన్ స్విచ్ ఆపేది ఎవరో, ముసలివాళ్లను ఎవరి ఇంటికి చేర్చాలో ముందే మాట్లాడుకోండి. రోడ్డు మీద పారే నీళ్లలో బండి దింపవద్దు. మోకాలి లోతు కూడా లేదు కదా అనుకుని దిగి కొట్టుకుపోయినవారు ప్రతి ఏడూ ఉంటున్నారు.

ఎండ గురించి: రామగుండం, భూపాలపల్లి వంటి గనుల ప్రాంతాల్లో మే నెల ఎలా ఉంటుందో అక్కడి వారికి చెప్పనక్కరలేదు. పన్నెండు నుంచి నాలుగు గంటల మధ్య బయటి పని పెట్టుకోకండి. ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. చెమట ఆగిపోయి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతున్న మనిషిని నీడకు చేర్చి తడిగుడ్డతో తుడుస్తూ 108ని పిలవాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను ప్రత్యేక విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం నిర్ణయించింది. ఈ సంగతి తెలియని కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి.

పిడుగు గురించి: చేనులో ఉన్నప్పుడు ఉరుము వినిపిస్తే చెట్టు కిందకు పోవద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లి చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. దామిని అనే ప్రభుత్వ యాప్ దగ్గరలో పిడుగు పడే అవకాశాన్ని ముందే చెబుతుంది.

సరిగా చేశారా లేదా చూసుకోవడానికి ఇంట్లో చిన్నవారిని అడగండి: నీళ్లొస్తే ముందు ఏం చేస్తాం, ఎక్కడికి పోతాం, ఎవరికి ఫోన్ చేస్తాం? మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ఈ మెట్టు పూర్తయినట్టే. రాకపోతే సంచి సర్దడం అయిందంతే, సన్నద్ధత ఇంకా కాలేదు.

5. మూడు గళ్లు గీసి బరువును ఎవరిది వారికి పంచండి

నోటుపుస్తకంలో "నా చేతిలో", "మా చేతుల్లో", "ప్రభుత్వం, కంపెనీల చేతుల్లో" అని మూడు గళ్లు గీసి, మీరు రాసుకున్న దిగుళ్లను ఏది ఎందులోకి వస్తుందో వేయండి. ఇంటి కరెంటు వాడకం మొదటి గడిలో, కాలనీ నాలాలో పూడిక రెండో గడిలో, దేశం ఎంత బొగ్గు మండిస్తుందన్నది మూడో గడిలో పడుతుంది.

తప్పు భావనతో నలిగేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. భారతీయుడి తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి సుమారు 2 టన్నులు, ప్రపంచ సగటు అందుకు రెట్టింపు పైనే, అమెరికాలో సుమారు 14 టన్నులు. బస్సులో కాలేజీకి పోయే విద్యార్థి తన వల్లే భూమి పాడవుతోందని కుమిలిపోవడంలో న్యాయం లేదు. అలాగని చేతులు దులుపుకోమనీ కాదు. మొదటి గడిలో మీకు నిజంగా వీలైన రెండు పనులు ఎంచుకుని చేసి, అక్కడితో మిమ్మల్ని మీరు విచారించుకోవడం ఆపండి. సొంత ఇల్లు ఉన్నవారికి పైకప్పు సోలార్ అలాంటి ఒక పని. 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకన్నా ఎక్కువైతే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అద్దె ఇంట్లో ఉంటే దీని గురించి బాధపడకండి, రెండో గడికి వెళ్లండి.

గనుల ప్రాంతాల పిల్లలకు విడిగా ఒక మాట చెప్పాలి. మీ నాయన బొగ్గు తవ్వడం వల్లే ఇంట్లో పొయ్యి వెలిగింది, ఊళ్లలో దీపం వెలిగింది. వాతావరణ మార్పు గురించి చదివిన కోపాన్ని ఆయన మీద చూపడం అన్యాయం. బొగ్గు తగ్గుతున్నప్పుడు ఆ కుటుంబాలకు ఏ పని దొరకాలి, ఎప్పుడు, ఎవరు చూడాలి అన్నది అడగవలసిన ప్రశ్న. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీదే 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం పూర్తయింది కాబట్టి ఈ ప్రశ్న దూరపుది కూడా కాదు.

మూడో గడిని చూసి నిరాశ పడేవారికి: 2015 పారిస్ ఒప్పందానికి ముందు ఈ శతాబ్దం చివరికి భూతాపం నాలుగు డిగ్రీల దాకా పెరిగే దారిలో ప్రపంచం ఉండేది. ఇప్పటి విధానాలు కొనసాగితే అది మూడు డిగ్రీల లోపు ఉంటుందని ఐక్యరాజ్యసమితి అంచనా. మూడు డిగ్రీలు కూడా ప్రమాదమే. కానీ అంతా అయిపోయింది అన్న మాట మాత్రం అబద్ధం. ప్రతి పాయింట్ ఒకటి డిగ్రీ తగ్గడానికీ విలువ ఉంది.

6. దగ్గరలోని ఒక్క పని పట్టుకోండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. ప్లాస్టిక్, చెట్లు, చెరువు, సోలార్, ఎడ్లబండి దాకా పది పనులు ఒకేసారి మొదలుపెట్టి నెల తిరక్కుండా అలసిపోతారు. ఒక్కటే ఎంచుకోండి. మన ప్రాంతంలో నేను ముందుగా చెప్పేది చెరువు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టిన కాకతీయుల కాలం నుంచీ ఇక్కడి నేల నీటిని గొలుసుకట్టు చెరువులతోనే పట్టుకుంది. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు చేరతాయి. ఆ దారి తెగితే ఒక ఊరికి కరువు, ఒక కాలనీకి వరద. అంటే చెరువు పని ఎండకూ వానకూ రెండింటికీ మందు.

చేసే విధానం ఇది. మే నెలలో ఒక పొద్దున కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. నాలుగు చోట్ల ఆగండి. తూము దగ్గర తలుపు కదులుతోందా, తుప్పు పట్టి బిగిసిపోయిందా చూడండి. మత్తడి దగ్గర నీళ్లు దుంకే చోట మట్టి, తుమ్మచెట్లు, ఇటుకల కుప్పలు అడ్డం ఉన్నాయా చూడండి. నీళ్లు లోపలికి వచ్చే కాలువ దగ్గర దాని వెడల్పును అడుగులతో కొలవండి, ఎక్కడ సన్నబడిందో గుర్తు పెట్టండి. కట్ట వెనుక వైపు తడి చెమ్మ, ఎలుక బొరియలు, చిన్న గండ్లు ఉన్నాయేమో చూడండి. ఎండాకాలంలో కూడా కట్ట వెనుక పచ్చగడ్డి ఒకచోట మాత్రమే గుబురుగా ఉంటే అక్కడ నీళ్లు ఊరుతున్నాయని అనుమానించాలి. ఈ గుర్తు తూము తీసి చెరువు నీళ్లు పంచే పాత నీరటికాండ్రకు బాగా తెలుసు, మీ ఊళ్లో నీరటి కుటుంబం ఉంటే వారిని వెంట తీసుకెళ్లండి, వారి ముందు మన సమాచారం చాలా తక్కువ.

ఫోటోలు తేదీతో తీసి, ఒక పేజీ దరఖాస్తు రాయండి. చెరువు పేరు, ఊరు, ఏ లోపం ఎక్కడ ఉంది, ఏం చేయాలి అన్నంతవరకే రాయండి. పర్యావరణం మీద ఉపన్యాసం అందులో వద్దు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు అడిగి తీసుకోండి. ఊళ్లో అయితే గ్రామసభలోనూ పెట్టండి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి, అందులో మీ మాట తీర్మానంగా రాయించుకుంటే దానికి బలం వస్తుంది.

జవాబు రాకపోతే కోపంతో మానుకోకండి, సమాచార హక్కు చట్టం కింద "ఫలానా నంబరు దరఖాస్తు మీద ఇప్పటివరకు తీసుకున్న చర్య ఏమిటి, ఏ అధికారి దగ్గర ఉంది" అని రెండే ప్రశ్నలు అడగండి. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు.

హెచ్చరిక: ఆక్రమణదారులతో ఒంటరిగా వాదనకు దిగవద్దు, సరిహద్దు రాళ్లు మీరే పాతవద్దు, నీళ్లున్నప్పుడు తూము మీదికి ఎక్కవద్దు.

చెరువు కుదరనివారు చెట్టు ఎంచుకోవచ్చు, కానీ ఒక షరతు మీద. నాటడం ఒక్క రోజు పని, మూడు ఎండాకాలాలు నీళ్లు పోయడమే అసలు పని. ఎన్ని మొక్కలకు నీళ్లు పోయగలరో అన్నే నాటండి, ఐదుకు మించవద్దు. వేప, కానుగ, నేరేడు, చింత, స్థలం ఉంటే రావి మన నేలకు సరిపోతాయి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ జోలికి పోకండి, దానిని నాటవద్దని రాష్ట్ర ప్రభుత్వమే 2022లో చెప్పింది. మేకల నుంచి కాపాడటానికి ఇనుప జాలీ దొరక్కపోతే తుమ్మ కంప చుట్టండి. ఫలితం చూసే రోజు నాటిన రోజు కాదు, మరుసటి ఏడాది జూన్ మొదటి వారం. బతికినవాటిని లెక్కపెట్టి రాయండి.

7. తోడు వెతుక్కోండి

నిస్సహాయత ఒంటరితనంలోనే పెరుగుతుంది. నలుగురు చాలు. ఊళ్లో మహిళా సంఘం, యువజన సంఘం, బడిలో సైన్సు టీచరు, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ విభాగం, కాలనీ సంక్షేమ సంఘం, వీటిలో ఏదో ఒకటి మీకు అందుబాటులో ఉంటుంది. వెళ్లి "వాతావరణ మార్పు మీద పనిచేద్దాం" అంటే తలూపి ఊరుకుంటారు. "అక్కా, వచ్చే ఆదివారం పొద్దున మత్తడి దగ్గర చెట్లు కొట్టేద్దాం, రెండు గంటల పని, గొడ్డలి నేను తెస్త" అంటే వస్తారు. రోజు, చోటు, గంటలు చెప్పి పిలవడమే కిటుకు. తెలిసినవారెవరూ లేరనుకునేవారు సద్దుల బతుకమ్మ ముందు చెరువు గట్టు శుభ్రం చేసే పనిలో చేరి చూడండి. తంగేడు, గునుగు కోసం పొలాల వెంట తిరిగే ఆడవాళ్లకు ఏ పువ్వు ఏ ఏడు తగ్గిందో మన కన్నా బాగా తెలుసు. మాట అక్కడి నుంచి కలుస్తుంది.

నెలకు రెండు పూటలకు మించి ఈ పనికి ఇవ్వకండి. ఇల్లూ చదువూ వదిలి పరుగెత్తినవారు ఏడాదిలో చతికిలపడటం చూశాను.

8. ఇంట్లో ఎలా మాట్లాడాలి

పిల్లలు అడిగితే "ఏం కాదులే" అనవద్దు, "మీ కాలం పాడైపోయింది" అని అంతకన్నా అనవద్దు. "అవును నాన్నా, ఎండలు పెరుగుతున్నయి. అందుకే మనం ఈ సంచి సర్దుకున్నం, చెరువు కాడ పనిచేస్తున్నం. పెద్దవాళ్లు చాలామంది దీని మీదనే ఉన్నరు" అన్నంత చాలు. పదేళ్ల లోపు పిల్లలకు వరద వీడియోలు చూపకండి.

పెద్దవారు కొట్టిపారేస్తే లెక్కలు చెప్పి గెలవాలని చూడకండి. "తాతా, మీ చిన్నప్పుడు ఈ వాగు ఎన్ని నెలలు పారేది?" అని అడిగి వినండి. వారు చెప్పింది నోటుపుస్తకంలో రాయండి, మీ చెరువు దరఖాస్తుకు కూడా అది పనికొస్తుంది.

9. ఫలితం చూసుకునే పద్ధతి

వారానికొకసారి, ఒకే రోజున, నాలుగు సంగతులు రాయండి: ఎన్ని రాత్రులు సరిగా నిద్రపట్టింది, వార్తలకు పెట్టుకున్న వేళ ఎన్ని రోజులు దాటింది, దగ్గరి పనిలో ఒక్క అడుగైనా పడిందా, ఈ విషయం ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడారా. గుబులు పూర్తిగా పోయిందా అని చూడకండి, అది పోదు, పోవాలని కోరుకోవడం కూడా సరికాదు. రాత్రి వాన మొదలైతే ఒకసారి లేచి నాలా వైపు చూసి, సంచి ఉన్నచోటే ఉందని గమనించి, తిరిగి నిద్రపోగలిగితే మీరు బాగుపడుతున్నట్టే.

మూడు వారాలు గడిచినా మొదటి రెండు లెక్కలు కదలకపోతే 3వ మెట్టును ఎక్కడ వదిలేశారో చూడండి, చాలావరకు రాత్రి ఫోనే కారణమవుతుంది. 1వ మెట్టులో చెప్పిన పరిస్థితి మధ్యలో ఎప్పుడు వచ్చినా వెంటనే, లేదంటే ఆరు వారాల తర్వాత కూడా నిద్ర పూర్తిగా కుదురుకోకపోతే 14416కు ఫోన్ చేయండి. నిద్ర బాగుండి పని మాత్రం సాగకపోతే మీరు ఎంచుకున్న పని పెద్దదై ఉంటుంది, సగానికి కోయండి.

ఏ నెలలో ఏది ముందు

మార్చి, మే నెలల మధ్య చదువుతున్నవారు ఎండ సన్నద్ధత పూర్తిచేసి కట్ట మీద నడకతో మొదలుపెట్టండి. వానలు పడ్డాక మత్తడి పనులు చేయించడం కష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే వరద సంచి, వాలు గీత ముందు, మొక్కలు నాటడం ఆ తర్వాత. అక్టోబరులో తుపాను వానల ముప్పు ఇంకా ఉంటుంది కాబట్టి దసరా అయిపోయిందని సంచి విప్పకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దరఖాస్తులు, సమాచార హక్కు ప్రశ్నలు, గ్రామసభ తీర్మానాల కాలం. అప్పుడు కదిలిన ఫైలు మాత్రమే ఎండాకాలంలో జేసీబీని చెరువు దగ్గరికి తెస్తుంది. మంచం దిగలేనివారు, ఇంట్లో రోగిని చూసుకుంటూ కదలలేనివారు దరఖాస్తు రాసే పని తీసుకోండి. నడిచేవారు చాలామంది దొరుకుతారు, చక్కగా ఒక పేజీ రాసి, రసీదు నంబర్లు దాచి, ముప్పయ్యో రోజున గుర్తుచేసే మనిషి ప్రతి కాలనీలోనూ కరువే.